మీ పిల్లవాణ్ని పోలీసులు తీసుకెళ్తే: ఆ రాత్రి నుంచి కేసు ముగిసే దాకా ఏం చేయాలి

ఫోన్ ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాకే వస్తుంది. "మీవోడు స్టేషన్లో ఉన్నాడు, రండి" అంటారు. ఎందుకో చెప్పరు. తండ్రి చొక్కా తొడుక్కుంటూనే తెలిసిన వార్డు నాయకుడికి ఫోన్ కలుపుతాడు. తల్లి బీరువా తీసి ఎంత డబ్బుందో చూస్తుంది. రాయలసీమలోని ఒక జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీరుగా పదకొండేళ్లుగా ఇలాంటి ఇళ్లకు వెళ్తున్నాను. ఆ రాత్రి వాళ్లు వెతకాల్సింది నాయకుణ్నీ కాదు, డబ్బునూ కాదు. పిల్లవాడి టెన్త్ మెమో.

18 ఏళ్లు నిండని వాళ్ల మీద ఏ కేసు వచ్చినా అది 2015 నాటి బాలల న్యాయ చట్టం కిందికే వస్తుంది. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది, 2021లో కొన్ని సవరణలు చేశారు. ఈ చట్టంలో పిల్లవాడు ముద్దాయి కాదు, 'చట్టంతో ఘర్షణ పడిన బాలుడు'. వాణ్ని అరెస్టు చేయరు, అదుపులోకి తీసుకుంటారు. కేసు మామూలు కోర్టుకు కాకుండా జువైనల్ జస్టిస్ బోర్డుకు, అంటే బాలల న్యాయ మండలికి వెళ్తుంది. పేరు మారిస్తే ఏమొస్తుందని చాలామంది అడుగుతారు. పేరుతో పాటు పద్ధతంతా మారుతుంది. ఎక్కడ ఉంచాలి, ఎవరు ప్రశ్నించాలి, బెయిల్ ఎలా ఇవ్వాలి, రేపు ఉద్యోగానికి వెళ్తే ఏం చెప్పాలి, అన్నీ. మన ప్రాంతానికి ఈ ఆలోచన కొత్తదేం కాదు. పిల్లల కోసం విడిగా చట్టం చేసిన మొదటి రాష్ట్రం మద్రాసు ప్రెసిడెన్సీయే, 1920లో. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు అందులోనే ఉన్నాయి.

పిల్లవాడు అని రాస్తున్నాను కానీ ఆడపిల్లలకూ ఇదే చట్టం. ఇంకో సంగతి. ఏడేళ్లు నిండని బిడ్డ ఏం చేసినా చట్టం దృష్టిలో నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు బిడ్డకు తాను చేసిందేమిటో తెలిసేంత బుద్ధి రాలేదని తేలితే అప్పుడూ నేరం కాదు. భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లలో ఇది ఉంది.

ముందుగా వయసు కాగితం

ఒక తల్లి నా దగ్గరికి పాలిథిన్ కవరు పట్టుకుని వచ్చింది. అందులో ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు, డ్వాక్రా పాసుబుక్కు, కొడుకు చిన్నప్పటి ఫోటో ఒకటి. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చేసింది. మెమో మాత్రం లేదు. ఇంటర్ కాలేజీ వాళ్లు ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ తమ దగ్గరే పెట్టుకున్నారు. పిల్లవాడు ఆరడుగుల మనిషి, మీసం కూడా వచ్చింది. స్టేషన్లో చూసి 19 అని రాసేశారు. కేసు ఒక సెల్ ఫోన్ దొంగతనం. వాణ్ని పెద్దవాళ్లతో పాటు సబ్ జైలుకు పంపారు. కాలేజీ నుంచి మెమో బయటికి తెచ్చి కోర్టులో పెట్టేసరికి 23 రోజులైంది. మెమో ప్రకారం ఆ రోజుకు వాడి వయసు 17 ఏళ్ల 4 నెలలు. కేసు బోర్డుకు మారింది, వాడు ఇంటికొచ్చాడు. వచ్చి అన్నం తింటూ, "లోపల అందరూ నన్ను తమ్ముడూ అనేవోళ్లమ్మా, బాగా చూసుకున్యారు" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆ తల్లి గొంతు వణికింది.

అందుకే మెమో ముందు అంటున్నాను. వయసు ఎలా తేల్చాలో చట్టంలోని 94వ సెక్షన్ వరుసగా చెప్పింది. మొదట స్కూలు ఇచ్చే పుట్టిన తేదీ ధ్రువపత్రం, లేదా టెన్త్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష బోర్డు ఆదేశించిన 15 రోజుల్లో పూర్తి చేయాలి. కాగితం ఉన్నప్పుడు ఎముకల పరీక్షకు ఒప్పుకోకండి. ఆ పరీక్ష పుట్టిన తేదీ చెప్పలేదు, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది.

ఆధార్ ఈ వరుసలో లేదు. వయసుకు ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. ఉత్త టీసీ కూడా చాలదని 2023లో చెప్పింది. టెన్త్ ఇంకా రాయని పిల్లలైతే తెల్లారేసరికి స్కూలు హెడ్మాస్టరు ఇంటి ముందు ఉండండి. అడ్మిషన్ రిజిస్టరు చూసి, పుట్టిన తేదీతో, సంతకంతో, స్కూలు ముద్రతో ధ్రువపత్రం ఇమ్మని అడగండి. ఎందుకో ఆయనకు వివరంగా చెప్పాల్సిన అవసరం లేదు, "అర్జెంటుగా కావాలి సార్" అంటే చాలు. టెన్త్ అయిపోయి మెమో కాలేజీలో చిక్కుకుంటే, డిజిలాకర్‌లో దొరుకుతుందేమో ఆ రాత్రే చూడండి. జిరాక్సులు ఐదారు తీయించండి, ఒరిజినల్ ఎవరి చేతిలోనూ పెట్టకండి.

లెక్కలోకి వచ్చేది ఘటన జరిగిన రోజుకు ఉన్న వయసు, పట్టుకున్న రోజుకు ఉన్న వయసు కాదు. 17 ఏళ్లప్పుడు జరిగిన దానికి 20 ఏళ్లప్పుడు పట్టుకున్నా ఈ చట్టమే వర్తిస్తుంది. ఈ సంగతి ఏ కోర్టులోనైనా, కేసు ఏ దశలో ఉన్నా, చివరికి తీర్పు వచ్చేశాక కూడా లేవనెత్తవచ్చు. 9వ సెక్షన్ ఆ దారి తెరిచి ఉంచింది. ఎవరి బిడ్డయినా ఇప్పటికే పెద్దల జైల్లో ఉంటే, ఘటన నాటికి 18 నిండలేదని తెలిస్తే, ఈ రోజే వకీలుకు చెప్పండి.

స్టేషన్లో ఏం మాట్లాడాలి

ఒంటరిగా వెళ్లకండి, పది మందిని వెంటేసుకునీ వెళ్లకండి. నిదానస్తుడైన ఒక్క మనిషి తోడుంటే చాలు. వెళ్లగానే పిల్లవాణ్ని చూడాలని అడగండి. చూసినప్పుడు వాణ్ని కొట్టకండి. చాలామంది తండ్రులు పోలీసుల ముందు తమ పెద్దరికం చూపించుకోవడానికి అక్కడే చెంప పగలగొడతారు. ఆ దెబ్బతో వాడు ఇక మీకు ఏదీ చెప్పడు. మీతో నిజం చెప్పకపోతే వకీలుకు ఏం చెప్పాలో మీకే తెలియదు.

తర్వాత ఈ ప్రశ్నలు అడగండి, మర్యాదగానే.

"సార్, మావాడికి పదహారేళ్లు, ఇదిగో మెమో. ఇక్కడ బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరు సార్?" ప్రతి స్టేషన్లో ఆ బాధ్యత ఒక అధికారికి ఉండాలి. హోదా కనీసం ఏఎస్సై అయి ఉండాలి. పిల్లవాడు ఆయన సంరక్షణలోనే ఉండాలి తప్ప రైటర్ గదిలో బెంచీ మీద కాదు.

"ఎన్ని గంటలకు తీసుకొచ్చారు సార్?" జవాబు వినగానే ఫోన్‌లో రాసుకోండి. ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డు ఆ రోజు కూర్చోకపోతే ఒక సభ్యుడి ముందైనా పెట్టాలి. ఆదివారమనీ పండగనీ ఆపడానికి లేదు.

"ఏ సెక్షన్ సార్? డైరీలో రాశారా, ఎఫ్ఐఆర్ కట్టారా?" ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఈ చట్టం కింద 2016లో చేసిన నమూనా నియమాల ప్రకారం, ఘోరమైన నేరమైతేనే (అంటే కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్నదైతేనే), లేదా పెద్దవాళ్లతో కలిసి చేశాడంటేనే పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ కట్టాలి. మిగతా వాటికి జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి ఇంటి పరిస్థితుల మీద ఒక నివేదిక తయారుచేసి బోర్డుకు పంపాలి. అలాంటి కేసుల్లో వాణ్ని అదుపులోకి తీసుకోవాల్సిన పనే లేదు, ఫలానా రోజు బోర్డుకు తీసుకురండి అని తల్లిదండ్రులకు చెప్పి పంపవచ్చు. ఈ నియమం చూపించి, "ఇంటికి పంపండి సార్, ఏ రోజు రమ్మంటే ఆ రోజు బోర్డుకు తెస్తాం" అని అడగడం మీ హక్కు. నేను వెంట వెళ్లిన చాలా సందర్భాల్లో, వయసు కాగితం బల్ల మీద పెట్టి నిదానంగా అడిగితే ఎస్సైలు విన్నారు. అరిచినప్పుడు వినలేదు.

లాకప్‌లో పెట్టకూడదు. బేడీలు వేయకూడదు. ఆడపిల్లయితే మహిళా పోలీసే ఉండాలి. అన్నం, నీళ్లు, మందులు ఇవ్వాలి. పిల్లవాడితో ఏ కాగితం మీదా సంతకం పెట్టించకూడదు. మీరూ తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. ఒంటి మీద దెబ్బలుంటే వాటి సంగతి స్టేషన్లో గొడవ చేయడం కన్నా మరుసటి రోజు బోర్డు ముందు చొక్కా విప్పి చూపించడం మేలు. బోర్డు వైద్య పరీక్ష చేయించి నమోదు చేస్తుంది.

డబ్బు ఇవ్వకండి. ఈ మాట నీతి చెప్పడానికి అనడం లేదు. డబ్బు తీసుకున్నవాళ్లు కేసు రాయకుండా పిల్లవాణ్ని రెండు మూడు రోజులు అక్కడే ఉంచుకోవడం చూశాను. ఆ రెండు రోజులూ కాగితం మీద ఉండవు. కాగితం మీద లేని పిల్లవాణ్ని ఏ బోర్డూ కాపాడలేదు.

వకీలు

15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థది. లేదా జిల్లా కోర్టు ఆవరణలోనే దాని కార్యాలయం ఉంటుంది, ఉదయం పదింటికి వెళ్లండి. 18 ఏళ్ల లోపు వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. వకీలుకు నిజం చెప్పండి. "మావాడు బంగారం" అని మొదలుపెట్టే తల్లిదండ్రుల వల్లే వకీలు బోర్డు ముందు తలదించుకోవాల్సి వస్తుంది. వాడు ముందు కూడా బండి తీసుకెళ్లి దొరికాడా, స్కూలు మానేశాడా, గంజాయి అలవాటు ఉందా, చెప్పేయండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, దానికీ ఫోన్ చేయవచ్చు.

బోర్డు ముందు

బోర్డు చూస్తే కోర్టులా ఉండదు. ఎత్తయిన బల్ల ఉండకూడదు, బోను ఉండకూడదు. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ముగ్గురూ పిల్లవాడితోనే నేరుగా మాట్లాడతారు. వాడి బదులు మీరు జవాబు చెప్పకండి.

బెయిల్ దగ్గర ఒక్కటి అర్థం చేసుకోవాలి. పెద్దవాళ్లకు ఏ సెక్షన్ అన్నదాన్ని బట్టి బెయిల్ కష్టమో సులభమో అవుతుంది. పిల్లలకు అలా కాదు. 12వ సెక్షన్ ప్రకారం బెయిలబుల్ అయినా నాన్ బెయిలబుల్ అయినా విడుదల చేయాలి, షూరిటీతోనో షూరిటీ లేకుండానో. ఆపడానికి మూడే కారణాలు. బయటికొస్తే తెలిసిన నేరగాళ్లతో కలుస్తాడని నమ్మడానికి ఆధారం ఉండటం, వాడికే ఏదైనా ప్రమాదం ఉండటం, లేదా విడుదల వల్ల న్యాయమే దెబ్బతినడం. ఏ కారణంతో ఆపారో రాసి ఇవ్వాలి.

అంటే బోర్డుకు కావాల్సింది "వీడు బయటికెళ్తే ఎక్కడ ఉంటాడు, ఎవరితో ఉంటాడు" అన్న ప్రశ్నకు జవాబు. ఆ జవాబు మీరే పట్టుకెళ్లాలి. ఆ ఊళ్లోనే చెడు సావాసం ఉందంటే, వేరే ఊళ్లో మేనమామో చిన్నాన్నో ఉంచుకుంటామని స్వయంగా వచ్చి చెప్పాలి. ఒక పిల్లవాడి మేనత్త అనంతపురం బస్సెక్కి వచ్చి, "నా ఇద్దరు పిల్లలతో పాటు వీడూ బడికి పోతాడు సార్, పొద్దున్నే నేనే దించుతా" అంది. మెజిస్ట్రేటు మేడమ్ రెండు నిమిషాలు ఆమెనే చూసి బెయిల్ రాశారు. వకీలు పేజీలకు పేజీలు చదివినా ఆ మాట చేసిన పని జరిగేది కాదని నాకనిపించింది.

షూరిటీ దొరక్క, ఇచ్చిన బెయిల్ షరతులు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే పిల్లవాణ్ని మళ్లీ బోర్డు ముందు పెట్టి షరతులు మార్చాలి. కూలి పనుల ఇళ్లలో ఇది చాలా జరుగుతుంది. ఎనిమిదో రోజు వకీలుకు గుర్తుచేయండి.

హోమ్‌లో ఉంచితే

బెయిల్ రాకపోతే అబ్జర్వేషన్ హోమ్‌కు పంపుతారు. మన దగ్గర అందరూ జువైనల్ హోమ్ అంటారు. హైదరాబాద్‌లో సైదాబాద్ హోమ్ పేరు విననివాళ్లు ఉండరు. ములాఖత్ రోజులు ముందే కనుక్కుని ప్రతి వారం ఎవరో ఒకరు వెళ్లండి. వెళ్లినప్పుడు "పరువు తీశావు" అని మొదలుపెట్టకండి. "అన్నం సరిగ్గా పెడుతున్నారా? ఎవరైనా కొడుతున్నారా? నిద్ర పడుతోందా?" అని అడగండి. మీరు వెళ్లని వారం వాడితో అక్కడున్న పెద్దపిల్లలే మాట్లాడతారు.

ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికొచ్చే రోజు

మొదటిసారి బోర్డు ముందుకు వచ్చిన 15 రోజుల్లో పిల్లవాడి కుటుంబం, చదువు, సావాసాల మీద నివేదిక రావాలి. దీన్ని సామాజిక దర్యాప్తు నివేదిక అంటారు. ప్రొబేషన్ ఆఫీసరు మీ ఇంటికి వచ్చి చూసి రాస్తారు. బోర్డు చివరిలో ఇచ్చే ఆదేశం చాలామటుకు ఈ కాగితం మీదే ఆధారపడుతుంది. కానీ తల్లిదండ్రులు దీన్నే అన్నిటికన్నా తేలిగ్గా తీసుకుంటారు. ఆయన వస్తారని తెలిసి ఇల్లు సర్ది, కొత్త బట్టలు వేసి, తాగే తండ్రిని ఆ రోజు ఊరికి పంపేస్తారు. అలా చేయకండి. ఆ ఆఫీసరు పక్కింటివాళ్లనూ అడుగుతారు. దాచిన సంగతి పక్కింటి నుంచి తెలిస్తే మీ మాట ఒక్కటీ నమ్మరు.

ఇంట్లో కష్టం ఉంటే చెప్పండి. వాడు ఎనిమిదిలో బడి మానేసి మెకానిక్ షెడ్‌లో పని చేశాడని, తండ్రి గల్ఫ్ వెళ్లి తిరిగిరాలేదని, ఇంట్లో కొట్టుకుంటారని చెప్పండి. అవన్నీ వాడికి ఎక్కడ సాయం కావాలో చెప్పే విషయాలు. స్కూల్లో మళ్లీ చేర్చుకుంటామని హెడ్మాస్టరు రాసిచ్చిన ఉత్తరం, ఐటీఐ సీటు కాగితం, ఆడే ఆటల సర్టిఫికెట్ ఏదున్నా చేతిలో పెట్టండి.

కేసు ఏ కోవలోదో తెలుసుకోండి

చట్టం నేరాలను మూడు కోవలుగా చూస్తుంది. గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు దాటనివి చిన్నవి. ఫోన్ దొంగతనం, మెడలో గొలుసు లాక్కోవడం మామూలుగా భారతీయ న్యాయ సంహితలో 303, 304 సెక్షన్లు; మొదటిసారైతే రెండింటికీ శిక్ష మూడేళ్లకు మించదు, కాబట్టి ఇవి చిన్నవే. కనీస శిక్షే 7 ఏళ్లు లేదా అంతకు మించి ఉన్నవి ఘోరమైనవి. హత్య, అత్యాచారం అందులో పడతాయి. మధ్యలోవి తీవ్రమైనవి. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా కనీస శిక్ష 7 ఏళ్లకు తక్కువైతే, లేదా కనీస శిక్షే చెప్పకపోతే, అది తీవ్రమైనదే తప్ప ఘోరమైనది కాదు. 2020లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది, తర్వాత సవరణతో చట్టంలోకే వచ్చింది. కత్తులు తీసిన కొట్లాటలో హత్యాయత్నం కేసు పెట్టినా అది ఈ మధ్య కోవలోదే. ఆ కేసు పేరు వినగానే ఇక అయిపోయింది అనుకోకండి.

చిన్న కేసుల విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, బోర్డు రాతపూర్వకంగా ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు. అప్పటికీ ముగియకపోతే చిన్న నేరాల కేసు మూసేయాల్సిందే. వాయిదా తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకోండి, ఆరు నెలలు దాటగానే వకీలుతో పిటిషన్ వేయించండి.

ఘోరమైన కేసులో పిల్లవాడికి 16 నిండి ఉంటే ఒక పెద్ద మలుపు ఉంది. 2012 డిసెంబరు నిర్భయ ఘటన తర్వాత దేశమంతా అడిగిన ప్రశ్న నుంచి వచ్చిన మార్పు ఇది. బోర్డు ప్రాథమిక అంచనా చేస్తుంది. వాడికి ఆ పని చేసే శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, ఫలితం తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగింది అని చూస్తుంది. ఇది నేరం చేశాడా లేదా అన్న విచారణ కాదు. పెద్దవాడిలా విచారించాలని బోర్డు అనుకుంటే కేసును బాలల కోర్టుకు పంపుతుంది. పిల్లల మనస్తత్వ నిపుణులు బోర్డులో లేకపోతే బయటి నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. సైకాలజిస్టు రిపోర్టు కాపీ వకీలుకు అందిందా అని అడగండి. ఆదేశం వస్తే 30 రోజుల్లో అప్పీలు వేయాలి, ఆ తేదీ తప్పిపోకూడదు. పెద్దవాడిలా విచారించినా ఉరిశిక్ష వేయడానికి లేదు, విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవం వేయడానికి లేదు. 21 ఏళ్లు వచ్చేదాకా జైలుకు పంపరు, సురక్షిత స్థలంలో ఉంచుతారు.

ఈ కోవలో నన్ను ఎక్కువ బాధపెట్టేవి ప్రేమ కేసులు. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి తిరుపతికి వెళ్లిపోతారు. అమ్మాయి ఇంటివాళ్లు కేసు పెడతారు. 18 నిండని అమ్మాయి ఇష్టం పోక్సో చట్టంలో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టంలో, లెక్కకు రాదు, ఆ కేసుకు కనీస శిక్ష 10 ఏళ్లు. అంటే కాగితం మీద అది ఘోరమైన నేరం. అబ్బాయి తల్లిదండ్రులారా, అమ్మాయి ఇంటి మీదికి వెళ్లకండి, ఆ పిల్లతో ఫోన్‌లో మాట్లాడకండి, "నువ్వే వచ్చానని చెప్పు" అని బతిమాలకండి. అది కొత్త కేసవుతుంది. వాళ్లిద్దరి చాటింగులు చెరపకుండా ఫోన్‌ను వకీలుకు చూపించండి. కేసు మొదట పోక్సో కోర్టుకు కాదు, బోర్డుకే వెళ్లాలని గుర్తుంచుకోండి.

రెండోది గంజాయి. మన్యం దారుల్లో బ్యాగులు మోయడానికి పిల్లల్ని పెట్టుకునేది పెద్దవాళ్లే. రెండు వేలిస్తామంటే బస్సెక్కేస్తారు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష ఉన్న కేసు. ఇక్కడ వకీలును ఒక మాట గట్టిగా అడగండి: పిల్లవాడితో మత్తు పదార్థాలు మోయించినవాళ్లకు ఇదే బాలల చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, ఆ కేసు పెట్టారా? బ్యాగు ఇచ్చిన మనిషి పేరు పిల్లవాడు చెప్పడానికి భయపడితే, ఆ భయం గురించి కూడా బోర్డుకు చెప్పాలి.

ఒక ముక్క బండి తాళాల గురించి. మైనరుకు బండి ఇచ్చి ప్రమాదం జరిగితే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద కేసు తండ్రి మీద లేదా బండి యజమాని మీద: మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2024 మేలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు కారుతో ఇద్దరిని చంపినప్పుడు, 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో బెయిలివ్వడం చూసి అందరికీ కడుపు మండింది. నాకూ మండింది. కానీ ఆ మంట ఫోన్ దొంగిలించిన కూలివాడి కొడుకు మీద పడుతోంది. పెద్దింటి పిల్లవాడికి వకీళ్లు ఉంటారు. వీడికి వాళ్లమ్మ చేతిలో పాలిథిన్ కవరు తప్ప ఏం లేదు.

నష్టపోయినవాళ్లు

బైకు పోగొట్టుకున్నవాడు కూడా మీలాంటి కూలివాడే అయ్యుంటాడు. వస్తువు మీ ఇంట్లో ఉంటే దాచకండి, వకీలు ద్వారా అప్పగించండి. క్షమాపణ చెప్పించాలనుకుంటే అదీ వకీలు, బోర్డు ద్వారానే. బెదిరించి రాజీ చేయించడం వద్దు.

చివరి ఆదేశం, ఆ తర్వాత

తప్పు చేశాడని తేలినా బోర్డు వేసేది జైలు శిక్ష కాదు. మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, తల్లిదండ్రులకు జరిమానా వేయవచ్చు, ప్రొబేషన్ మీద వదలవచ్చు, లేదా ప్రత్యేక గృహంలో గరిష్ఠంగా మూడేళ్లు ఉంచవచ్చు. దాంతో పాటు బడికి వెళ్లాలి, పని నేర్చుకోవాలి వంటి షరతులూ పెట్టవచ్చు. ప్రొబేషన్ వచ్చిందని పండగ చేసుకుని మర్చిపోకండి. ఆఫీసరు రమ్మన్న ప్రతి తేదీకీ పిల్లవాణ్ని పంపండి, వచ్చినట్టు సంతకం చేయించండి.

పేరు బయటపెట్టకూడదు. పిల్లవాడి పేరు, ఊరు, స్కూలు, ఫోటో ఎవరు ప్రచురించినా, వాట్సాప్ గ్రూపులో పెట్టినా 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లోకల్ యూట్యూబ్ చానల్ వీడియో వేస్తే స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి, బోర్డుకు ఇవ్వండి. మీ బంధువుల గ్రూపులో మీరే పంచుకోకండి.

మన దగ్గర కుర్రాళ్లు ఏళ్ల తరబడి కానిస్టేబుల్ ఉద్యోగానికి గ్రౌండ్‌లో పరుగులు తీస్తుంటారు. ఎంపికయ్యాక నింపే ఫారంలో "మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా" అన్న గడి చూసి చేతులు వణుకుతాయి. 24వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద తేలిన కేసు వల్ల ఏ అనర్హతా రాకూడదు. పదహారు దాటినవాడు ఘోరమైన కేసులో బాలల కోర్టులో దోషిగా తేలితే మాత్రం మినహాయింపు ఉంది. ముగిసిన కేసును పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం బయటపెట్టకూడదు, అది 74వ సెక్షన్ రెండో భాగం. 2019లో సుప్రీంకోర్టు సీఐఎస్ఎఫ్‌కు, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి ఎంపికైన ఒక అభ్యర్థి విషయంలో, మైనరుగా ఉన్నప్పటి కేసు వల్ల ఉద్యోగం ఆపకూడదని తీర్పు చెప్పింది. ఆ గడిలో ఏం రాయాలో ఒక్కడే కూర్చుని నిర్ణయించుకోవద్దని వాడికి చెప్పండి. బోర్డు ఆదేశం పట్టుకుని ముందు వకీలును కలవాలి.

అందుకోసం ఆ ఆదేశం మీ ఇంట్లో ఉండాలి. రికార్డులను అప్పీలు గడువు దాకా లేదా ఏడేళ్లు ఉంచి తర్వాత ధ్వంసం చేయాలని నియమం. అవి పోవడం మీ బిడ్డకు మంచిదే. కానీ ఏ కేసు ఎలా ముగిసిందో చూపించడానికి రేపు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా కాగితం ఉండదు. కేసు ముగిసిన వారంలోనే బోర్డు కార్యాలయంలో కాపీ కోసం అర్జీ పెట్టి, సర్టిఫైడ్ కాపీ రెండు తీసుకోండి. ఒకటి మెమోతో పాటు బీరువాలో పెట్టండి. ఇంకొకటి ఆ రోజు బస్సెక్కి వచ్చిన మేనత్త లాంటి మనిషి ఇంట్లో ఉంచండి.